మేపుల్ చెట్టు పెద్దక్షరాలు

అనగనగా మంచు కొండల మీద ఒక అడవి ఉండేది పిల్లలూ! అక్కడ పోలయ్య అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు. చలి తగ్గే రోజుల్లో ప్రతి చెట్టు బెరడు మీదా దాని పేరు చెక్కడం పోలయ్య పని. కొత్తగా పుట్టిన జంతువుల పిల్లలు ఆ పేర్లు చూసే చెట్లను గుర్తుపట్టడం నేర్చుకునేవి. ఏ చెట్టుకైనా ఒకటే కొలత. అక్షరం పోలయ్య ముక్కంతే ఉండాలి.

ఆ ఏడు మేపుల్ చెట్టు ఆ కొలతకు ఒప్పుకోలేదు. ఆకులు రాలే ముందు అడవికి ఎర్రటి అందం తెచ్చేది తనేననీ, తియ్యటి రసం తన ఒంట్లోనే ఉందనీ గొప్పలు పోయింది.

"పక్కనున్న ఈ దేవదారుకీ నాకూ ఒకే కొలతా? నా పేరు కొండ అవతలికి కనబడాలి పోలయ్యా," అంది.

అంత దూరం కనబడాలంటే బెరడును లోతుగా తొలవాలి. అలా తొలిస్తే చెట్టుకు చేటని పోలయ్యకు తాత ఎప్పుడో చెప్పాడు. కానీ అంత పెద్ద పేరు చెక్కితే తననూ అందరూ మెచ్చుకుంటారు కదా! ఆ ఆశ ముందు తాత మాట చెవికెక్కలేదు.

ఇంకేముంది, టకటకా మొదలుపెట్టాడు. అడవంతా చుట్టూ మూగింది. మొదటి అక్షరానికి కుందేళ్లు గంతులేశాయి. రెండో అక్షరానికి కోతులు కొమ్మలు ఊపేశాయి. మూడో అక్షరం పూర్తయ్యేసరికి బెరడులోంచి రసం ధారకట్టింది. చీమలు బారులు తీరాయి. ఎలుగుబంటి వచ్చి నాకి, అది చాలక గోళ్లతో గాటు పెద్దది చేసింది. అందరికీ పండగే. చెట్టు మాత్రం వణికిపోయింది.

"పోలయ్యా, అది నా చిగుళ్ల కోసం దాచుకున్న తిండి. అదంతా పోతే నేను బతకను," అంది.

పోలయ్య వెంటనే చెక్కడం ఆపేశాడు. ఎలుగుబంటి ముక్కు మీద ఒక్క పోటు పొడిచి తరిమేశాడు. రివ్వున దేవదారు దగ్గరికెళ్లి బంక అడిగాడు. అది అడిగినంతా ఇచ్చింది. ముక్కుతో మోసి మోసి గాట్లన్నీ పూడ్చాడు. పేరంతా మాసిపోయింది, ప్రాణం నిలిచింది.

ఆ వసంతంలో మేపుల్‌కు ఒక పక్కే చిగుళ్లు వచ్చాయి. పేరు లేని తనను ఎవరు గుర్తుపడతారని కుమిలిపోయింది. ఆకులు ఎర్రబడే వేళకు సన్నటి రెక్కలున్న దాని గింజలు గాలిలో గిరగిరా తిరుగుతూ దిగసాగాయి. ఒక జింకపిల్ల వాటి వెంట పరుగులు తీసి, ఇది ఏ చెట్టని తల్లిని అడిగింది. తల్లి బెరడు వంక చూడనే లేదు.

"మేపుల్ కాక ఇంకెవరే, పిల్లలకు రెక్కలు కట్టి పంపేది?" అంది.

ఆ మాట విని మేపుల్ సంతోషం పట్టలేకపోయింది. ఒళ్లు విదిల్చి ఇంకాసిన్ని గింజలు రాల్చింది.

నీతి: పేరు పెద్దగా కనబడాలని ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు, మన గుణమే మనల్ని నలుగురికీ చెబుతుంది.