బురుజు విడిచిన పావురాలు

అనగా అనగా, పక్షులు మాట్లాడితే మనుషులు విని కూడా విననట్టు ఊరుకునే రోజుల్లో, దోసపాదుల నడుమ ఒక రాతి బురుజు ఉండేది. లోపల గోడల నిండా గూళ్ళు, ప్రతి గూటిలో ఒక పావురాల జంట. కట్టించిన పెద్దదొర ఆనాడే వాటికి మాట ఇచ్చాడు: "మీ రెట్ట మా పొలాలకు, మీ పిల్లలు మీకు." ఆ ఎరువుతోనే అక్కడ దోసకాయలు విరగకాసేవి.

ఆయన మనవడు చిత్తరాయుడు. వాడికి తాత ఆస్తి కావలసి వచ్చింది గానీ తాత మాట అక్కర్లేకపోయింది.

అల్లుడు వచ్చాడని మొదటిసారి పావురాల పిల్లలను కూర వండించాడు. ముసలి పావురం వచ్చి, "దొరా, మాట తప్పారు," అంది.

"ఈ ఒక్కసారికే," అన్నాడు.

రాజుగారి దండనాయకుడు వచ్చాడని రెండోసారి వండించాడు. "మళ్ళీ తప్పారు దొరా," అంది పావురం.

"మా తాత మీద ఒట్టు, ఇక ముట్టను," అన్నాడు. గూళ్ళలో ఇంకా గుడ్లున్నాయి, వాటిని వదిలి పావురాలు ఎక్కడికని పోతాయి? పాపం, నమ్మింది.

మూడోసారి చుట్టమూ లేడు, పండగా లేదు. వాడి నాలుక ఊరుకోలేదు, అంతే. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. బురుజు ఊడ్చి ఎరువు మోసే కొండమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కళ్ళు తెరవని కూనలు దొరా, వదిలెయ్యండి."

వాడు ఆమెను పక్కకు నెట్టి, ఒక్క పిల్లనూ మిగల్చకుండా బుట్టకెత్తించాడు. తల్లులు బురుజు చుట్టూ తిరిగి తిరిగి ఏడ్చాయి. వాడు కూర తిని, వేళ్ళు నాకి, హాయిగా నిద్రపోయాడు, సిగ్గులేని మనిషి.

తెల్లవారేసరికి బురుజు ఖాళీ.

కొండమ్మ తన పూరింటి చూరుకు పాత కుండలు వేలాడదీసింది. పావురాలన్నీ అక్కడికే చేరాయి. మరుసటి ఏడు ఆమె పెరట్లో దోసపాదు ఇల్లంతా అల్లుకుంది. దొర పొలంలో పిందెలు పిందెలుగానే రాలిపోయాయి.

చిత్తరాయుడు మండిపడుతూ వచ్చాడు. "నా పావురాలను దొంగిలిస్తావా?"

"నేను పిలవలేదు దొరా. మీవైతే పిలుచుకోండి," అంది కొండమ్మ.

వాడు దోసిలి నిండా జొన్నలు పట్టి చూపించాడు. కసిరాడు, బుజ్జగించాడు, చివరికి బతిమాలాడు. ఒక్కటీ దిగలేదు. ముసలి పావురం చూరు మీద నుంచి అంది: "నువ్వు జొన్నలు చూపిస్తున్నావు. మాకు ఆ చేతులే కనిపిస్తున్నాయి."

తనను నమ్మి చెంత చేరినవారి బిడ్డలను తిన్నవాడు, ఆ తర్వాత ఎన్ని గింజలు చల్లినా ఆ నమ్మకం తిరిగి రాదు.