పావడాకి మూడు కుట్లు

సైదమ్మ ఆసుపత్రి గది గుమ్మంలో చతికిలబడి కదలనంటోంది. డాక్టర్ విద్యాధర్‌కి ఒళ్లు మండిపోయింది.

ఆవిడ కూతురు మస్తానికి పన్నెండేళ్లు. నెలల తరబడి దగ్గు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం. ఇదివరకు మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ కఫం పరీక్షలో క్షయ లేదనే తేలింది. కాగితం లేదంటుంటే ఈవిడ ఉందంటుందేమిటి? ఈ వయసు ఆడపిల్లలు సన్నబడాలని తిండి మానేస్తారని కూడా నచ్చజెప్పి చూశాడు.

“మా తమ్ముడు మా గదిలోనే ఉండి ఆర్నెల్లు మందులు మింగాడు. ఆ దగ్గు నాకు తెలీదా? ఎవర్ని పిలుచుకుంటావో పిలుచుకో. నేను లేవను.”

గొడవ విని పెద్ద డాక్టరు మార్గరెట్టమ్మ వచ్చింది. ఆవిడ సన్యాసిని. నలభై ఏళ్లుగా ఆ మిషన్ ఆసుపత్రిలో పిల్లల గుండెలకి చెవి ఒగ్గుతోంది. ఆవిడ దగ్గర పని నేర్చుకుందామని విద్యాధర్ పట్నంలో ఉద్యోగం వదులుకుని వచ్చాడు. బంగారు పతకం వచ్చిందన్న సంగతి మాత్రం ఇంకా వదల్లేదు.

ఆవిడ రిపోర్టులు చూసి ఒక్కటే అడిగింది.

“పిల్ల డబ్బాలో ఇచ్చింది కఫమా, ఉమ్మా?”

విద్యాధర్‌కి గుర్తొచ్చింది. ఎంత దగ్గినా కఫం పైకి రాక, నర్సు తొందరపెడితే మస్తాని ఉమ్మేసి ఇచ్చేది.

సైదమ్మ సంచిలోంచి పిల్ల స్కూలు పావడా తీసి బల్లమీద పడేసింది. మార్గరెట్టమ్మ దాన్ని తిరగేసి చూసి, కత్తెర విద్యాధర్ చేతికిచ్చింది. నడుము దగ్గర కుట్లు విప్పమంది. అందరి ముందూ అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చుని విప్పాడు.

ముందు నల్లదారం వచ్చింది. తర్వాత పచ్చది. ఆఖర్న తెల్లది.

“తెల్లది నువ్వు మొదటిసారి ఏం లేదన్నప్పుడు బిగించా,” అంది సైదమ్మ. “పచ్చది రెండోసారి. నల్లది మొన్న.”

పిల్ల పెరిగేకొద్దీ ఏటేటా తన చెల్లెలి పావడా మడతలు విప్పే తల్లిని విద్యాధర్ చూశాడు. బిగించే తల్లిని చూడలేదు.

అంతకుముందు రాసిన మందుల చీటీ చింపేశాడు. కొత్త చీటీ మీద ఎక్స్‌రే రాశాడు. పిల్లని చేర్చుకుని, రాత్రి మింగేసిన కఫం దొరికేలా పొద్దున్నే పరగడుపున పొట్టలోంచి నీరు తీసి పరీక్షకి పంపమని రాశాడు. మేనమామ సంగతి అన్నిటికన్నా పైన రాశాడు.

అప్పుడు లేచింది సైదమ్మ. రవికకి గుచ్చుకున్న సూది తీసి పావడా అందుకోబోయింది. మార్గరెట్టమ్మ దాని మీద చెయ్యి వేసింది.

“కుట్టకు సైదమ్మా. పిల్ల ఈ కొలతకి వచ్చేదాకా ఇది వీడి బల్లమీదే ఉంటుంది.”