ఏటి మధ్యలో ఆగిన భద్రమ్మ

అనగనగా ఒక కొండ అడవిలో ఏనుగుల మంద ఉండేది. మందకు పెద్ద భద్రమ్మ. ఆమె తరువాత నీలవేణి. పెద్ద మాట దాటినవాళ్ళకు మందలో చోటు లేదన్నది వాళ్ళ కట్టుబాటు.

కొంతకాలంగా భద్రమ్మ తడబడుతోంది. ఒకసారి నీళ్ళున్నాయని చెప్పి మందను ఎండిన మడుగుకు తీసుకెళ్ళింది. ఇంకోసారి ముళ్ళపొదల్లోకి నడిపించి, తప్పు మీదేనని వెనకవాళ్ళను తిట్టింది. ఆమెకు చూపు తగ్గిందని అందరికీ అర్థమైంది. అయినా ఎవరూ ఆమెతో అనలేదు. వెనకాల మాత్రం నవ్వుకున్నారు. నీలవేణి కూడా నవ్వింది.

వానాకాలంలో ఏరు దాటుతుండగా పైనుంచి వరద వచ్చింది. భద్రమ్మ ఏటి మధ్యలో ఆగిపోయింది. ఎటు వెళ్ళాలో ఆమెకు తెలియలేదు. "ఎవరూ కదలొద్దు" అని మాత్రం అంటోంది. ఏనుగు గున్నలు మునిగిపోతున్నాయి.

"అందరూ నా వెనక రండి" అంది నీలవేణి. మందను వెనక్కి తిప్పింది. భద్రమ్మను కూడా ఒడ్డుకు లాక్కొచ్చింది. అందరూ బతికారు.

కట్టుబాటు ప్రకారం నీలవేణి మీద విచారణ జరిగింది. తీర్పు చెప్పడానికి ముసలి ఎలుగుబంటి వచ్చింది. తన చూపు బాగానే ఉందని, మరికాస్త ఓపిక పడితే తానే దారి చూపేదాన్నని భద్రమ్మ చెప్పింది. నీలవేణికి భయం పట్టుకుంది. తనను వెళ్ళగొడితే పాలు తాగే తన బిడ్డ ఏమవుతుంది? ఆమె భద్రమ్మ కూతురు కలువను పిలిచి, వాసన అందకుండా గాలివాలున, భద్రమ్మకు ఎదురుగా నిలబెట్టింది.

"అమ్మా, మీ ముందు ఏముందో చెప్పండి" అంది నీలవేణి.

భద్రమ్మ చాలాసేపు చూసింది. "బండరాయి" అంది.

"నేనమ్మా" అంది కలువ, ఏడుస్తూ.

నవ్వబోయినవాళ్ళు తలలు దించుకున్నారు. నీలవేణి తప్పేమీ లేదని ఎలుగుబంటి తీర్పు చెప్పింది. చూపు ఎప్పుడు పోయిందని మెల్లగా భద్రమ్మను అడిగింది. కిందటి వేసవిలో కార్చిచ్చు వచ్చినప్పుడు, అందరూ బయటపడేదాకా పొగలో నిలబడ్డానని, అప్పటి నుంచే మసకగా ఉందని ఆమె చెప్పింది. ఆ రోజు భద్రమ్మ కాచుకున్నవాళ్ళలో చివరగా బయటపడింది నీలవేణే.

భద్రమ్మ తడుముకుంటూ మందను విడిచి నడిచింది. నీలవేణి వెంట పరుగెత్తి, తిరిగి రమ్మని బతిమాలింది.

"ఏటిలో నువ్వు చేసింది సరైన పనే, తల్లీ" అంది భద్రమ్మ. "నాకు కనబడటం లేదని చెప్పుకోవడానికి నోరు రాలేదు. అది నా తప్పు. కానీ మీకందరికీ తెలుసు కదా. ఒక్కరైనా నా పక్కన నడవలేకపోయారా?"

భద్రమ్మ వెనక్కి రాలేదు. వానలు వెలిసేలోగా, ఒంటరిగా, లోయలో కన్నుమూసింది. కబురు విన్న కలువ ఆ తరువాత నీలవేణితో మాట్లాడలేదు. కొత్త పెద్దగా మందను నడిపించినంతకాలం నీలవేణి కూడా ఆమెను మాట్లాడమని అడగలేదు.

నీతి: పెద్దలు తడబడుతున్నప్పుడు చాటున నవ్వినవాళ్ళకు, తరువాత ఆ పెద్దల తప్పు రుజువు చేసినా మనశ్శాంతి దొరకదు.