దాలమ్మ తొట్టిలో సముద్రం

చెయ్యి చూపించు. ఊఁ, ఇంకా ఇసక. పొద్దున ఆ పీతపిల్లని పైకెత్తి, ఎండలో గట్టు మీద పెట్టి చప్పట్లు కొట్టింది నువ్వేగా? అది కాళ్ళు కొట్టుకుంటుంటే నీకు ఆటగా ఉందా? సిగ్గులేదూ? ఏడవకు, నువ్వేడిస్తే దాని ప్రాణం తిరిగి రాదు. పడుకుని కథ విను. ఊఁ కొట్టడం ఆపావో, నేనూ చెప్పడం ఆపేస్తాను.

అనగనగా ఒక ఊళ్ళో, ఈ పక్కంతా ఉప్పుమళ్ళు, ఆ పక్కంతా సముద్రం. ఆ ఊళ్ళో దాలమ్మ అని పన్నెండేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళమ్మ ఉప్పుమళ్ళలో పని చేసేది. దాలమ్మకి ఏడేళ్ళ చెల్లెలు, పేరు గవిరి. గవిరికి పుట్టుకతోనే చూపు లేదు. ఏదైనా వేళ్ళతో తడిమితేనే దానికి తెలిసేది.

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డున రాళ్ళు బయటపడేవి. రాళ్ళ సందుల్లో నిలిచిన నీళ్ళలో నక్షత్రంలా ఐదు కాళ్ళుండే చుక్క చేపలు, నత్తలు, శంఖాన్ని వీపున మోసే పీతలు ఉండేవి. ఊళ్ళో పిల్లలంతా వెళ్ళి ముట్టుకునేవాళ్ళు. గవిరికీ వెళ్ళాలని ఉండేది.

కానీ ఆ ఊరి పడవలకి పెద్ద కామన్న. తలకి ఎర్ర తలపాగా, నోటికి ఎదురులేని మాట. పడవ ఎప్పుడు దించాలన్నా అతన్నే అడగాలి. అతనేమన్నాడంటే, "చూపులేని కాలు రాళ్ళ మీద పడితే వల ఖాళీగా వస్తాది. ఆ గుంటపిల్ల అటు రాకూడదు."

గవిరి ఏడ్చింది. దాలమ్మ ఏడవలేదు. "నువ్వు సముద్రం దగ్గరికి పోకూడదు గానీ, సముద్రం మనింటికి రాకూడదని ఎవరూ అనలేదుగా" అంది.

అప్పుడు కుమ్మరి చేత వెడల్పాటి మట్టి తొట్టి చేయించింది. గవిరి మోకాలెత్తే చేయించింది, పక్కన కూర్చునే చెయ్యి పెట్టేలా. అంచు గరుకు లేకుండా గుడ్డతో నున్నగా రుద్దింది. తొట్టిని నీడలో పెట్టి, అడుగున ఇసక పరిచి, సముద్రపు నీళ్ళు మోసి నింపింది. నీళ్ళెంత వరకున్నాయో మసిబొగ్గుతో గీత గీసింది.

ఆ తర్వాత రాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక చుక్క చేప, ఒక నత్త, ఒక శంఖం పీత తెచ్చింది. కుట్టేదీ, ముల్లున్నదీ, గట్టిగా కరిచేదీ ఒక్కటి కూడా తేలేదు.

చెల్లెలికి మూడు మాటలు చెప్పింది. "చెయ్యి ఉత్తి నీళ్ళతో కడుక్కోవాలి, నూనె చెయ్యి పెట్టకూడదు. రెండు వేళ్ళతోనే తాకాలి. నీళ్ళలోంచి పైకెత్తకూడదు." తను పక్కన లేనప్పుడు తొట్టి మీద తడక మూసి, దాని మీద బరువు పెట్టేది. తడక తీసిన ప్రతిసారీ ముందు తనే అంతా వెతికి చూసుకుని, అప్పుడు చెల్లెల్ని పిలిచేది.

గవిరి మొదటిసారి చుక్క చేపని తాకింది. "అక్కా, ఇది నా వేలు పట్టుకుందే!" అని అరిచింది. ఆ అరుపు వీధి చివరి దాకా వినపడింది.

కామన్న వచ్చాడు. సరిగ్గా అప్పుడే దాలమ్మ తొట్టిలో చెంబెడు మంచినీళ్ళు పోస్తోంది.

"ఏటే గుంటా! ఉప్పునీటి జీవాలకి మంచినీళ్ళా? చంపేస్తావేటి?"

"ఎండకి నీళ్ళు పోతాయి గానీ ఉప్పు పోదు పెద్దయ్యా. అలా పోకుండా ఉండబట్టే మా అమ్మ మడిలో ఉప్పు తీస్తాది. గీత కింద ఎంత తగ్గితే అంత మంచినీళ్ళే పొయ్యాలి. నీళ్ళు మురికైతే మాత్రం ఆ మురికి నీళ్ళు తీసేసి, అంతకి అంత సముద్రపు నీళ్ళు పోస్తాను."

"ఉప్పు గీసేవాళ్ళా పడవ నడిపేవాడికి సముద్రం గురించి చెప్పేది? నేనూ తొట్టి పెడతాను. రోజూ సముద్రపు నీళ్ళే పోస్తాను. మళ్ళీ అమావాస్యకి చూద్దాం. నీవి చస్తే ఆ తొట్టి నా కాలితో తన్ని పగలగొడతాను."

"మరి నీవి చస్తే?"

ఊరంతా చుట్టూ చేరింది. కామన్న మీసం దువ్వాడు. "ఈ తలపాగా తీసేసి నువ్వు చెప్పింది చేస్తాను, పో!"

ఆ రోజే కామన్న కూడా వీధికి అవతల తన గుమ్మం ముందు తొట్టి పెట్టి, మూడు జీవాల్ని తెప్పించాడు. గవిరి వాటినీ రెండు వేళ్ళతో తడిమింది. చుక్క చేపకి ఒక కాలు పొట్టి, దానికి కుంటోడు అని పేరు పెట్టింది. పీత మోసే శంఖానికి బొక్క ఉంది, దానికి చిల్లుగాడు అని పెట్టింది. నత్త ఉత్త నత్తే.

మొదటి వారం కామన్న తొట్టిలో పీత శంఖంలోంచి బయటికి రావడం మానేసింది. రెండో వారం తొట్టి అంచున ఉప్పు తెల్లటి గీత కట్టింది. మూడో వారం కామన్న తొట్టి మీద గోనె కప్పి, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

దాలమ్మ మాత్రం రోజూ కొబ్బరిచిప్పతో నీళ్ళు తీసి పైనుంచి పోసేది, నీళ్ళకి గాలి తగలాలని. చెయ్యి నొప్పి పుట్టినా ఒక్క పూట మానలేదు.

అమావాస్య వచ్చింది. దాలమ్మ తొట్టిలో మూడూ బతికే ఉన్నాయి. కామన్న గోనె తీశాడు. అక్కడా మూడూ చురుగ్గా కదులుతున్నాయి.

"చూశారా!" అన్నాడు కామన్న. "ఇద్దరివీ బతికాయి. ఇంక ఈ ఆటలు చాలు. తొట్టి తీసెయ్." అని వీధి దాటి వచ్చి దాలమ్మ తొట్టి మీదికి కాలెత్తాడు.

దాలమ్మ తొట్టికి అడ్డంగా నిలబడింది. "పందెంలో నావి చస్తేనే అన్నావు. చావలేదు. కాలు దించు."

అప్పుడు గవిరి, "పెద్దయ్యా, నీ కుంటోణ్ణి ఒకసారి తాకుతాను" అంది. ఊరంతా చూస్తుంటే కామన్న పక్కకి జరిగాడు. గవిరి చెయ్యి కడుక్కుని రెండు వేళ్ళు పెట్టింది.

"ఇది కుంటోడు కాదు. ఐదు కాళ్ళూ సమానంగా ఉన్నాయి."

"కాలు పెరిగింది!" అన్నాడు కామన్న.

గవిరి శంఖం తడిమింది. "నెల తిరక్కుండా కాలు పెరిగిందే అనుకో. శంఖానికి బొక్క ఎవరు కుట్టారు?"

జనం పకపకా నవ్వారు. దాలమ్మ ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. "మా మడిలో నీళ్ళు నయం" అంది.

కామన్న పెళ్ళాం అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ ముందుకొచ్చింది. "ఇంక నా వల్ల కాదు. చచ్చినవాటిని నాలుగుసార్లు మార్చాడు. నాచేతే పెరట్లో పూడ్పించాడు. తవ్వి చూసుకోండి."

ఎవరూ తవ్వలేదు. కామన్న తల వంచడమే సరిపోయింది. తలపాగా తీసి దాలమ్మ ముందు పెట్టాడు.

"గుడ్డముక్క మాకెందుకు పెద్దయ్యా?" అంది దాలమ్మ. "ఏ రాళ్ళ దగ్గరికి రావద్దన్నావో, ఆ రాళ్ళ దగ్గరికి మా చెల్లిని రోజూ నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు."

విన్నావా? ప్రాణాల్ని పందేనికి చంపి, చచ్చినవి బతికాయని చెప్పినవాడు అందుకు ఏమిచ్చుకున్నాడో చూడు. ఆనాటి నుంచి పడవ ఎప్పుడు దించాలో కామన్నని ఒక్కరూ అడగలేదు. ఊరందరి కళ్ళముందూ తలపాగా లేని ఉత్త తలతో, ఏడేళ్ళ పిల్ల అడుగులో అడుగేస్తూ, రోజూ ఆ రాళ్ళ దాకా నడిచేవాడు. అక్కడ ఆ పిల్ల చెప్పేది, "రెండు వేళ్ళే పెద్దయ్యా. పైకెత్తకు." అతను తల వంచి రెండు వేళ్ళే పెట్టేవాడు.

రెండే వేళ్ళు, తడిసిన వేళ్ళు,
ఎత్తని చేతికి గుచ్చవు ముళ్ళు.
తగ్గిన తొట్టికి మంచినీళ్ళు,
తగ్గని పొగరుకి ఉప్పునీళ్ళు.
కథేమో కంచి బండెక్కింది,
నిద్రేమో మనింటి గడపెక్కింది.