నలభై గడపల రాయి

మణిగిరి ప్రభువు చిత్రకేతునికి భోజనానంతరం సందేహాలు కలగడం పరిపాటి. ఒకనాడు నిండుకొలువులో ఆయన ఇలా ప్రశ్నించాడు:

"అందరిదీ అయిన వస్తువుకు యజమాని ఎవరు?"

దండనాయకుడు గుండమరాజు మీసం సవరించుకుంటూ లేచాడు. తన మాటకు తానే తల ఊపుకునే అలవాటు ఆయనది.

"అందరిదీ అంటే ఎవరిదీ కాదనే, ప్రభూ! సానలగుట్టనే చూడండి. రాతిపనివారు తరతరాలుగా అక్కడ రాళ్ళు కొట్టుకుంటున్నారు. అది వారిలో ఏ ఒక్కరి పేరిటా లేదు. ఆ గుట్టను నాకిప్పించండి."

రాజు రాతిపనివారి పెద్ద ఒబ్బమ్మను పిలిపించాడు.

"గుట్ట ఎవరిదమ్మా?"

"మాదే దొరా, నలభై ఇళ్ళోళ్ళదీ. రోళ్ళూ తిరగళ్ళూ చేసుకుని బతుకుతున్నాం."

"ఒక్క పేరు చెప్పు."

"ఒక్క పేరెట్టా చెప్పేది? మిగతా ముప్పైతొమ్మిది ఇళ్ళోళ్ళు నా జుట్టు పట్టుకోరా?"

సభ నవ్వింది గాని తీర్పు మారలేదు. పౌర్ణమినాడు శిలాశాసనం వేయించి గుట్టను గుండమరాజుకు ధారపోయాలని రాజు ఆజ్ఞాపించాడు. ఇక ఆ నలభై ఇళ్ళలో ఉలి మూలపడవలసిందే.

శాసనాలు రచించే పెద్దిభట్టు చేతులు జోడించాడు. "దానమిచ్చే నేల రాతిమీదనే శాసనం వేయడం మన ఆచారం, ప్రభూ. రాయి తెచ్చుకోవడం దానం పుచ్చుకునేవారి వంతు."

"మూడు నిలువుల రాయి తెస్తాను! మొదటి పంక్తిలో నా పేరుండాలి!" అన్నాడు గుండమరాజు.

కొలువు ముగిశాక పెద్దిభట్టు ఒబ్బమ్మను పక్కకు పిలిచాడు. "దండనాయకుడు రాయి అడిగితే కాదనకండి."

"గుట్ట మింగేవాడికి రాయి కూడా ఇయ్యాలా సామీ?"

"ఇవ్వండి. మీ కట్టుబాటు మాత్రం వీసమంతైనా సడలించకండి."

మరునాడు గుండమరాజు భటులు గుట్టమీద పడి రెండు బండలు పెకలించబోయారు. రెండూ ముక్కలైనాయి. రాతిపొర ఎటు నడుస్తుందో ఎరిగినవారు ఆ నలభై ఇళ్ళవారే. పౌర్ణమికి నాలుగు రోజులే ఉన్నాయి. విధిలేక గుండమరాజే పల్లకి ఎక్కి వారి వాడకు బయలుదేరాడు.

"పెద్దరాయి తీయాలంటే ప్రతి గడపకూ పోయి అడగాలి దొరా," అంది ఒబ్బమ్మ. "ఒక్కరు ఊహూ అన్నా ఉలి కదలదు. నా మొగుడికైనా అంతే, మీకైనా అంతే."

గుండమరాజు పల్లకి దిగాడు. నలభై గడపల ముందూ నిలిచి అడిగాడు. ఒక ఇంటి ముసలాయనకు చెవుడు గనుక, అక్కడ మూడుసార్లు అరిచి మరీ అడిగాడు. అందరూ సరేనన్నారు.

పౌర్ణమినాడు కోట ముంగిట రాయి నిలిచింది. ఊరంతా మూగింది. పెద్దిభట్టు అక్షరాలు గీయడానికి సుద్దముక్క అందుకుని ఆగాడు.

"దండనాయకా, శాసనంలో పొరపాటు దొర్లరాదు. ఈ రాయి మీకెలా లభించింది?"

"న్యాయంగా లభించింది! స్వయంగా నలభై గడపలూ తిరిగి అడిగి తెచ్చుకున్నాను. ఒక్కరైనా కాదనలేదు!" అని గుండమరాజు తల ఊపాడు.

"ఎవరిదీ కాని గుట్టలో రాయి తీయడానికి అందరినీ ఎందుకడిగారు, దండనాయకా?"

ఊగుతున్న తల ఆగిపోయింది.

చిత్రకేతుడు పకపక నవ్వాడు. "యజమానులెవరో ఇంటింటికీ వెళ్ళి మరీ కనుక్కొచ్చావయ్యా! పెద్దిభట్టూ, వ్రాయి. గుట్ట నలభై ఇళ్ళదీ. వారిని అడగక అక్కడ రాయి తీయరాదు. నాకైనా ఇదే శాసనం!" అంటూ తన స్వర్ణకంకణం తీసి పెద్దిభట్టు చేతికి తొడిగాడు.

"మరి... నా పేరు?" గొణిగాడు గుండమరాజు.

"తప్పక ఉంటుంది," అన్నాడు పెద్దిభట్టు సుద్దముక్క పైకెత్తి. "సాక్షుల వరుసలో మొట్టమొదటిది మీదే!"

కోట ముంగిలి నవ్వులతో దద్దరిల్లింది. అందరికంటె బిగ్గరగా నవ్వినది ఒబ్బమ్మే.