ఎత్తుచేతులమ్మ సన్నిధిలో పటిక ప్రసాదం

కళ్ళంమెట్ట మీద కొలువైన ఎత్తుచేతులమ్మను దర్శించే భక్తులు రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడాలి. చంకలు దాచుకుంటూ ముడుచుకుని మొక్కేవారికి పూజారి హారతి ఇవ్వడు. ప్రసాదంగా పటిక ముక్క ఇవ్వడం ఈ క్షేత్రంలోని విశేషం.

పూర్వం ఇక్కడ ఊరంతటికీ ఒకటే కళ్ళం ఉండేది. పంట నూర్చాక మొదటి చేట ధాన్యం తూర్పారబట్టి అమ్మవారికి నివేదించేవారు. ఆ చేట ఎత్తే హక్కు గవరమ్మ అనే ఇల్లాలికి అత్తగారి నుంచి వచ్చింది. గవరమ్మకు చంకల్లో వాసన వచ్చేది. ఏట్లో మునిగినా, సున్నిపిండితో రుద్దుకున్నా, వేపాకు నూరి పూసుకున్నా ఎండెక్కేసరికి మళ్ళీ మొదలయ్యేది. ఆమె పీట మీద నిలబడి చేట ఎత్తగానే గాలి ఆ వాసనను పెద్దల వైపు మోసుకుపోయేది. పొద్దుటి నుంచి కళ్ళంలో పశువులను తోలి, ఒళ్ళు కడుక్కోకుండా వచ్చిన ఆ పెద్దలే ముక్కులు మూసుకున్నారు.

గ్రామపెద్ద పారినాయుడు ఆమె మామగారికి అన్న. నైవేద్యం మైలపడుతోందని, ఇక చేట ముట్టవద్దని అతడే తీర్పు చెప్పాడు. గవరమ్మ ఏడవలేదు, వాదించలేదు. ఒక్కటే అడిగింది.

“నా కంపు గింజలకి అంటుకుందని ఎవరైనా ముక్కెట్టి చూసేరా, మావా?”

ఎవరూ చూడలేదు. చూడాలని కూడా ఎవరికీ తోచలేదు.

చేట పారినాయుడి కోడలి చేతికి వెళ్ళింది. ఆమె పీట ఎక్కగానే గాలి పడిపోయింది. పడమట మబ్బు కమ్ముకొచ్చింది. రాశి తడిస్తే ఊరికి ఏడాది తిండి లేదు. పెద్దలు పరుగున వెళ్ళి గుడి తలుపు తీయించారు. అంతవరకు ఒడిలో చేతులుంచుకున్న అమ్మవారు రెండు చేతులూ పైకెత్తి ఉంది. రాతి చంకల నుంచి చెమట కారుతోంది. ఆ వాసన వారికి కొత్తది కాదు. గర్భగుడిలో ముక్కు మూసుకునే ధైర్యం మాత్రం ఎవరికీ రాలేదు.

పారినాయుడు గవరమ్మ గుమ్మంలో నిలబడి రమ్మని బతిమాలాడు.

“వస్తాను. అమ్మోరికి లేని మైల నాకెలాగొచ్చింది, మావా?”

అతడు పీట తానే మోసుకొచ్చి కళ్ళంలో వేశాడు. ఆమె చేట ఎత్తగానే గాలి వీచింది. వాన పడేలోగా గింజలు ఇళ్ళకు చేరాయి.

తరువాత అమ్మవారు గవరమ్మకు కలలో కనిపించి, స్నానం చేసి తడి లేకుండా తుడుచుకుని పటిక రాసుకోమని, కట్టుకునే బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయమని చెప్పింది. వాసన ఒంటి లక్షణమే కాని పాపం కాదని కూడా చెప్పింది.

నేటికీ మొదటి చేట ఆ ఇంటి కోడళ్ళే ఎత్తుతారు. జాతరనాడు మండపంలో చర్మవైద్యుడు కూర్చుంటాడు. పటికతో తగ్గనివారికి చెమటను తగ్గించే పూతమందుల గురించి, అవసరమైతే సూదిమందుల గురించి వివరిస్తాడు. వాసన ఉన్నట్టుండి మారినవారు ఆలస్యం చేయక ఆయనను కలవాలి. వైద్యం చేయించుకోవడం అమ్మవారి పట్ల అపచారం కాదు. దర్శనం వరుసలో పక్కవారిని చూసి ముక్కు మూసుకున్నవారిని మాత్రం మెట్ట కిందికి పంపివేస్తారు.

వాసన తగ్గినా తగ్గకపోయినా, ఇక్కడ చేతులెత్తి మొక్కినవారికి నలుగురిలో చోటు కరువు కాదని విశ్వాసం. ముక్కు మూసుకున్నవారికి అమ్మవారు ఏ ఫలమూ చెప్పలేదు.