మాట మోసే కర్ర

"నేను సంతకం పెట్టను, లంచం ముట్టను. వాళ్ళ మాట వీళ్ళకూ, వీళ్ళ మాట వాళ్ళకూ చేరవేస్తాను, అంతే. కాస్త అటూ ఇటూ చేసి చెప్తే నాకేం పాపం, మాస్టారూ?" అని అడిగాడు విశ్వేశం. గనుల కంపెనీ తరఫున మధ్యవర్తిగా ఆఫ్రికా వెళ్ళడానికి వాడికి టికెట్టు కూడా వచ్చేసింది. ఏ ప్రశ్నకైనా సూటిగా జవాబు చెప్పడం నరహరి మాస్టారికి అలవాటు లేదు. వయసులో ఉండగా పశ్చిమాఫ్రికాలో ఒక పల్లె బడిలో లెక్కలు చెప్పి వచ్చిన మనిషి. ఆ ఊరి సంగతే ఎత్తుకున్నారు.

అక్కడ ఊరిపెద్ద పరాయివాళ్ళతో నేరుగా మాట్లాడడట. వెండి పిడి కర్ర పట్టుకుని పక్కన ఒకడు నిలబడి ఆయన మాట వినిపిస్తాడు. కర్ర చేతిలో ఉండగా వాడి నోట వచ్చిందే పెద్ద మాట. తర్వాత పెద్ద కూడా కాదనడానికి లేదు. అప్పట్లో ఆ కర్ర పట్టేవాడు క్వామె. బంగారం కోసం ఒక కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు, గుట్ట చుట్టూ తవ్వుకోండి, గుట్ట జోలికి మాత్రం రావద్దు, అక్కడ మా సమాధులున్నాయి అన్నాడు పెద్ద, తమ భాషలో. క్వామె దాన్ని ఇంగ్లీషులో, గుట్టా దాని చుట్టూ నేలా మీవే అని చెప్పాడు. అతనికి అప్పటికే ఒక జీపు ముట్టింది. పడమటి వైపున్న తన వాళ్ళ సమాధులు ముట్టుకోబోమని కంపెనీ మాట కూడా ఇచ్చింది.

యంత్రాలు గుట్ట ఎక్కిన రోజు ఊరంతా గొల్లుమంది. పెద్ద పరుగున వచ్చాడు, జరిగింది తెలుసుకున్నాడు, కర్ర వంక చూసి నోరు మూసుకున్నాడు. యంత్రం నడిపేవాడికి పడమటి వైపు సంగతి ఎవరూ చెప్పలేదు. మొదట తవ్వింది అక్కడే. మట్టిలో బయటపడిన నీలం పూసల దండను క్వామె గుర్తుపట్టాడు. తల్లిని సాగనంపేటప్పుడు ఆమె మెడలో తన చేత్తో వేసిన దండ అది.

ఆ తర్వాత అతను ఆ పని మానేశాడా అని అడిగాడు విశ్వేశం.

"లేదు నాయనా. కంపెనీ పక్క ఊరి గుట్ట అడిగిన రోజున మళ్ళీ కర్ర పట్టుకుని వెళ్ళి ఆ ఊరి పెద్ద పక్కన నిలబడ్డాడు" అన్నారు మాస్టారు. "ఇంతకీ నీ ప్రయాణం ఎప్పుడన్నావు?" అన్నారు.